వేవిళ్ళూ, పచ్చ ప్లస్ గుర్తు షాపూ

మేం ముగ్గురం కడుపులో ఉన్నప్పుడూ మా అమ్మకు వేవిళ్ళు మూడో నెలతో సరి. నాకూ అంతేలే అనుకున్నాం. ఎనిమిదో వారం వచ్చేసరికి మంచినీళ్ళు తాగినా నిలవని స్థితికి వచ్చాను. అప్పుడు మేం ఉండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన అరోరాలో. ఇద్దరం హెచ్‌1బీ మీద ఉద్యోగాలు. మా ఆయన తాలింపు పెట్టడం మానేశాడు. ఇంగువ డబ్బా కారు డిక్కీలోకి వెళ్ళింది. చివరికి అన్నం ఉడికే ఆవిరి కూడా పడకపోవడంతో రైస్ కుక్కర్‌ని బాల్కనీలోకి మార్చాడు. అక్టోబరు చలిలో జాకెట్ వేసుకుని అన్నం వార్చిన మగాణ్ణి ఆ వీధిలో ఇంకెవర్నీ చూసి ఉండరు.

నా అవస్థ చూడలేక మా టీమ్‌లో ఒకావిడ చిన్న రేకు డబ్బా తెచ్చి ఇచ్చింది. పైనాపిల్ గమ్మీలు, పైన పంచదార అద్ది ఉన్నాయి. ఒక్కోదాని మీదా డైమండ్ ఆకారం, అందులో ఆశ్చర్యార్థకం, టీహెచ్‌సీ అని అక్షరాలు అచ్చుగుద్ది ఉన్నాయి. గంజాయిలో మత్తెక్కించే పదార్థం అదే. ఒక్కోటీ పది మిల్లీగ్రాములు. "మా రెండోదాని కడుపుతో ఉన్నప్పుడు నన్ను బతికించినవి ఇవే, సగం ముక్క చాలు" అంది. ఆమెది మంచి మనసే, అందులో అనుమానం లేదు. కొలరాడోలో 2014 జనవరి 1 నుంచి ఇరవై ఒకటి దాటిన వాళ్ళెవరైనా షాపుకెళ్ళి గంజాయి కొనుక్కోవచ్చు. అక్కడివాళ్ళకు అది బీరు కొన్నట్టే.

నేను వేసుకోలేదు. అదేదో ఆరోగ్యం మీద అవగాహన అనుకునేరు. మొదట ఆపింది వీసా భయం. రాష్ట్రం ఏం చెప్పినా ఫెడరల్ చట్టంలో గంజాయి నిషిద్ధ పదార్థమే. సిటిజన్ కానివాళ్ళు "వాడాను" అని ఒప్పుకున్నా గ్రీన్‌కార్డు దగ్గర, మళ్ళీ దేశంలోకి వచ్చే దగ్గర చిక్కులు రావచ్చు. కేసే ఉండనక్కర్లేదు. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు, లీగలే కదా అనుకుంటారు. డబ్బాని మా ఆయన పై అరలో, పూజ సామాను వెనక పెట్టాడు. అంత పవిత్రమైన చోటు ఎందుకు ఎంచుకున్నాడో ఇప్పటికీ చెప్పడు.

కానీ భయం ఎంతకాలం ఆపుతుంది? రాత్రి రెండింటికి బాత్రూమ్ నేల మీద కూర్చుని, పసరు తప్ప కక్కడానికేమీ మిగలనప్పుడు వీసా గుర్తుకు రాదు. ఓ రోజు షాపుకే ఫోన్ చేసి అడిగాను: కడుపుతో ఉన్నాను, రెండో నెల నడుస్తోంది, వాంతులు ఆగట్లేదు, ఏదైనా పనికొస్తుందా అని. అవతలి కుర్రాడు ఏమాత్రం తడుముకోలేదు. తినేవాటికన్నా నాలుక కింద వేసుకునే చుక్కలు త్వరగా పనిచేస్తాయన్నాడు, ఇది మొక్కే కదా, కెమికల్ కాదు కదా అన్నాడు. డాక్టర్ని అడగమని మాత్రం అనలేదు. తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని అనుభవం కాదని. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో పరిశోధకులు ఇలాగే గర్భిణిలా కొలరాడోలోని 400 గంజాయి షాపులకు ఫోన్ చేశారు. 69 శాతం షాపులు వేవిళ్ళకు గంజాయి వాడమనే చెప్పాయి.

నా గైనకాలజిస్టుకు ఇదంతా చెప్పాను. డబ్బా సంగతి కూడా. వాడలేదని చెప్పాక ఆవిడ వింత ప్రశ్న ఒకటి వేసింది: "వేడినీళ్ళతో స్నానం చేస్తే వాంతులు తగ్గుతున్నాయా?" లేదన్నాను. ఎందుకడిగారో తర్వాత చెప్పింది. గంజాయి ఎక్కువగా, ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి అదే ఎడతెగని వాంతులు తెప్పిస్తుంది. వాళ్ళకు వేడినీళ్ళ కింద నిలబడితే కాసేపు ఉపశమనం. గర్భిణుల్లో దాన్ని వేవిళ్ళే అనుకుని పొరబడటం, తగ్గడానికని ఇంకాస్త వాడటం జరుగుతుందట.

నేనూ ఊరుకోలేదు. కీమోథెరపీ వాంతులకు టీహెచ్‌సీ మాత్ర ఉంది కదా, 1985లోనే అమెరికాలో ఆమోదం వచ్చింది కదా అని అడిగాను. నిజమేనంది. "క్యాన్సర్ పేషెంట్‌కి ఇచ్చేటప్పుడు ఒక్క మనిషికే ఇస్తున్నాం" అంది. టీహెచ్‌సీ మావిని దాటి బిడ్డకు చేరుతుంది. గంజాయిని పోలిన పదార్థాలు మన ఒళ్ళు తనంతట తానే కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుంది, కడుపులో పిల్ల మెదడు కట్టుకునే రోజుల్లో ఏ నరం ఎటు పోవాలో సంకేతాలిచ్చేవాటిలో అవీ ఉన్నాయి. బయటినుంచి వచ్చే టీహెచ్‌సీ వెళ్ళి సరిగ్గా ఆ సంకేతాలు అందుకునే చోటే కూర్చుంటుంది. ఇక బయటికి కనిపించే సంగతులు: బరువు తక్కువ బిడ్డలు, నెలలు నిండని కాన్పులు. కెనడాలోని ఒంటారియోలో ఆరున్నర లక్షల పైచిలుకు గర్భిణుల రికార్డులు చూసి 2019లో వేసిన లెక్కలో, గంజాయి వాడామన్నవాళ్ళలో 12 శాతం మందికి నెలలు నిండకుండానే కాన్పయింది. వాడనివాళ్ళలో 6 శాతం. సిగరెట్లు, మిగతా తేడాలు సరిచూసుకున్నాక ఆ దూరం తగ్గింది, పోలేదు. ఇంత వరకైతే పర్వాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదని, అందుకే తమ ప్రసూతి వైద్యుల సంఘం 2017లోనే గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ వద్దని రాసిందని చెప్పింది. ఆ సగం ముక్క లెక్క అక్కడితో పోయింది.

సరే, మరి వాంతుల మాట? అసలు కథ ఇక్కడే. ఆవిడ రాసిన మొదటి మందు డాక్సిలమైన్, బీ6 విటమిన్ కలిసిన మాత్ర. ఇండియాలో డాక్సినేట్ అంటే చాలామందికి తెలుస్తుంది. అమ్మకు ఫోన్లో చెబితే "కడుపుతో ఉన్నదానివి మాత్రలెందుకే" అని మొదలుపెట్టింది. నాకూ లోపల అదే బెరుకు. అయితే ఈ మాత్రకున్నంత చరిత్ర వేరే దేనికీ ఉండదేమో. అమెరికాలో లక్షలమంది గర్భిణులు వాడాక, పిల్లలకు లోపాలొస్తున్నాయని కోర్టు కేసులు పడితే కంపెనీ 1983లో మార్కెట్ నుంచి తీసేసింది. ఆ భయానికి ఆధారం లేదని ఒకదాని వెనక ఒక అధ్యయనం చెబుతూ వచ్చాయి. 2013లో మళ్ళీ ఆమోదం దొరికింది. మాత్ర అంటే మనకు భయం, మొక్క అంటే నమ్మకం. ఇన్ని వడపోతలు దాటింది మాత్రే మరి.

దాంతో నాకు పూర్తిగా తగ్గలేదు. బరువు ఐదు శాతం దాటి పడిపోయింది, మూత్రంలో కీటోన్లు (తిండి లేక ఒళ్ళు కొవ్వు కరిగించుకుంటోందనే గుర్తు), పరీక్ష పట్టీ ముదురు ఊదా రంగుకు తిరిగింది. అప్పుడు సెలైన్, అందులో బీ1 విటమిన్. ఆ తర్వాత ఒండాన్‌సెట్రాన్, నాలుక మీద కరిగే రకం. అది వాంతులకు కళ్ళెం వేసి మలబద్ధకం తగిలించింది. నర్సు చెప్పిన చిట్కా ఒకటి నిజంగా పనిచేసింది: నీళ్ళు తాగొద్దు, ఐసుముక్క చప్పరించు. దాని తర్వాత ఎండు ఉసిరి ముక్క, ఆ తర్వాత ఉప్పేసిన పల్చటి చల్లటి మజ్జిగ, ఆపైన మరమరాలు. అన్నం దాకా రావడానికి అయిదో నెల పట్టింది. ఈ తీవ్రమైన వేవిళ్ళకు మావి నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను పెద్ద కారణమని 2023లో తేలింది. "అన్నీ నీ మనసులోనే ఉన్నాయమ్మా" అన్న బంధువులందరికీ ఆ వార్త పంపించాను. ఒక్కరూ జవాబివ్వలేదు.

మధ్యలో కింది ఫ్లాట్ నుంచి వచ్చే గంజాయి పొగ ఒక గొడవ. అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెబితే చూస్తామన్నారు, చూడలేదు. కిటికీలు మూసి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టుకున్నాం.

కాన్పుకి అమ్మ నర్సీపట్నం నుంచి వచ్చింది. వచ్చిన వారంలోనే కారులో వెళ్తూ పచ్చ ప్లస్ గుర్తు బోర్డు చూసి "మందుల షాపు ఇంత దగ్గర్లోనే ఉంది, ఓమవాటర్ దొరుకుతుందేమో ఆపండి బాబూ" అంది అల్లుడితో. అది గంజాయి షాపని ఆయన చెబితే నమ్మలేదు. చింతపల్లి ఏజెన్సీ నుంచి కిందికి దిగే సరుకును పోలీసులు చెక్‌పోస్టుల్లో పట్టుకోవడం ఏళ్ళ తరబడి చూసిన మనిషి. "అక్కడ బస్తాల్లో పట్టుకుంటే జైలు, ఇక్కడ బోర్డు పెట్టి మరీ అమ్మకమా!" అని ఇంటికొచ్చేదాకా అదే మాట. ఆ సాయంత్రం పూజ సామాను సర్దుతుంటే డబ్బా బయటపడింది. మా ఆయన ముఖం చూడాలి. దాన్ని తెరిచి, నీళ్ళూ కాఫీపొడీ కలిపి ముద్దచేసి చెత్తలో వేశాం.

పాప పుట్టాక ప్రశ్న మళ్ళీ ఇంకో రూపంలో వచ్చింది. నిద్రలేక తల తిరిగిపోతుంటే ఒకరు సీబీడీ నూనె (గంజాయి మొక్క నుంచే తీసేది) చెప్పారు, "ఇందులో మత్తుండదు, పాలిచ్చేవాళ్ళకు ఏం కాదు" అని. గర్భిణులూ పాలిచ్చేవాళ్ళూ సీబీడీ, టీహెచ్‌సీ ఏవీ వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే గట్టిగా చెప్పింది. సీసా మీద రాసినదొకటి, లోపల ఉన్నదొకటి కావడం కూడా ఉంది, లేదన్నవాటిలోనూ టీహెచ్‌సీ దొరికింది. ఇక గంజాయికీ తల్లిపాలకూ ఉన్న లంకె కొవ్వు. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది, పాలలో ఉండేదీ కొవ్వే. మద్యం తాగినవాళ్ళకు చెప్పినట్టు కొన్ని గంటలు ఆగి ఇవ్వొచ్చు అనే లెక్క దీనికి కుదరదు. పాలు పిండి పారబోసినా ఒంట్లో నిలవున్నది మెల్లగా దిగుతూనే ఉంటుంది. కొలరాడోలోనే చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పు తర్వాత మానేసిన తల్లుల పాలలో ఆరు వారాలకూ టీహెచ్‌సీ కనిపించింది.

ఈ సంగతులన్నీ ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య డల్లాస్ నుంచి ఒక ఫ్రెండ్ ఫోన్ చేసింది. బాలింత. నిద్రకని స్మోక్ షాపులో దొరికే డెల్టా-8 గమ్మీలు వేసుకుంటోంది. హెంప్ (టీహెచ్‌సీ బాగా తక్కువుండే గంజాయి జాతి మొక్క) కదా, గంజాయి కాదు కదా అంది. డెల్టా-8 కూడా టీహెచ్‌సీయే అని చెప్పాక అవతల చాలాసేపు మాట లేదు. పిల్లల డాక్టరుకు చెబితే పాపని లాక్కుంటారేమోనని ఆమె భయం. అది ఉత్తి భయమని కొట్టిపారేయలేను. బిడ్డ పరీక్షలో పాజిటివ్ వస్తే పిల్లల సంక్షేమ శాఖకు తెలియజేసే రాష్ట్రాలున్నాయి. అందుకని ముందు మదర్‌టుబేబీ హెల్ప్‌లైన్‌కి చేయమన్నాను. గర్భిణులూ పాలిచ్చేవాళ్ళూ మందుల గురించి ఉచితంగా అడగొచ్చు.

అక్కడ మాట్లాడాక ధైర్యం వచ్చి డాక్టరు దగ్గరికి తనే వెళ్ళింది. ఆయన పాలు మాన్పించలేదు. గమ్మీలు ఆ రోజుతో ఆపమన్నాడు. పాప మరీ మత్తుగా పడుకుంటోందా, పాలు సరిగ్గా లాగుతోందా చూసుకోమని, బరువు చూడటానికి వారం తిరక్కుండా మళ్ళీ రమ్మన్నాడు. నిద్ర సంగతి వాళ్ళ అత్తగారు చూసుకుంటున్నారు. సాయంత్రం పిండిపెట్టిన పాలతో రాత్రి ఒంటిగంట ఫీడు ఆవిడదే.