జత తప్పిన గాజులతో తోరణం

షాపులో ఊలు తోరణం ధర అడిగితే 450 అన్నాడు. ఆ మాత్రం నేను చేసుకోలేనా అని ఇంటికొచ్చేశాను. (ఇలాగే మొదలెట్టి సగంలో వదిలేసినవి అటక మీద బోలెడున్నాయి, అది వేరే సంగతి.)

బేగంబజార్‌లో రెండు ఊలు ఉండలు, ఒక ప్యాకెట్ అద్దం బిళ్ళలు, గుప్పెడు మువ్వలు. అన్నీ కలిపి 140 రూపాయలు. గాజులు ఇంట్లోవే. జత తప్పినవి, చేతికి పట్టనివి, మా అమ్మవి కొన్ని.

మొదటి రోజు పనంతా వృథా. గాజు మీద నేరుగా ఫెవికాల్ రాసి అద్దాలు అంటించాను. తెల్లారి ముట్టుకుంటే జిగురు తెల్లటి పొరలా ఊడొచ్చింది. అది నీళ్ల జిగురు కదా, పీల్చుకునేదేదైనా ఉంటేనే పట్టు. చెక్కకి, గుడ్డకి, కాగితానికి సరే, నున్నటి గాజుకి ఎక్కడ పడుతుంది? ముందు ఊలు చుట్టి, దాని మీద అంటిస్తే కదల్లేదు. కానీ ఆ చుట్టడం ఉందే, ఒక్కో గాజుకి పావుగంట! వరస మీద వరస ఎక్కకూడదు, మధ్యలో గాజు మెరవకూడదు.

“ఎందుకమ్మా ఈ చాకిరీ, నాలుగు మావిడాకులు కట్టుకుంటే పోలా?” అన్నారు మా అత్తయ్య. మూడో రోజుకి కళ్ళజోడు పెట్టుకుని ఆవిడే నా పక్కన చేరారు. ఒకప్పుడు వైరు బుట్టలు అల్లిన చెయ్యి. నావాటికన్నా ఆవిడవే నున్నగా కుదిరాయి.

ఇప్పుడు గుమ్మానికి 11 గాజులు వేలాడుతున్నాయి. ఎడమవైపు కాస్త కిందికి దిగింది, ఆ మేకు కొట్టింది నేనే. మధ్యలో ఎర్ర ఊలు కింద ఉన్నది అమ్మ గాజు.