చిన్న బ్యాండ్ సాకి ఏ వెడల్పు బ్లేడు?

బల్ల మీద పెట్టుకునే చిన్న బ్యాండ్ సా (పైన, కింద ఉన్న చక్రాల చుట్టూ తిరిగే పట్టీలాంటి బ్లేడుతో చెక్క కోసే యంత్రం) కొన్నాక చాలామంది మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ బ్లేడు వెడల్పు చూసి, 1/2 అంగుళం అని ఉంటే అదే తెచ్చి బిగిస్తారు. అంత వెడల్పు బ్లేడు చక్రాల మీద కూర్చుంటుందని, గైడ్ల (బ్లేడు పక్కకు పోకుండా ఆపే దిమ్మెలు లేదా బేరింగులు) మధ్య పడుతుందని మాత్రమే ఆ అంకె చెబుతుంది. దాన్ని సరిపడా బిగించే సత్తువ యంత్రానికి ఉందో లేదో చెప్పదు.

మామూలు కార్బన్ స్టీల్ బ్లేడు తిన్నగా కోయాలంటే చదరపు అంగుళానికి సుమారు 15,000 పౌండ్ల బిగువు కావాలి. 1/2 అంగుళం వెడల్పు, 0.025 అంగుళం మందం ఉన్న బ్లేడు తీసుకోండి. పళ్ళ లోతు పోగా మిగిలే వెడల్పు 0.4 అంగుళం అనుకుంటే, ఒక్కో వైపు లాగుడు 150 పౌండ్లు. బ్లేడు చక్రానికి రెండు వైపులా దిగుతుంది కాబట్టి పై చక్రం ఇరుసు మీద పడేది 300 పౌండ్లు. అదే మందంలో 1/4 అంగుళం బ్లేడైతే ఇది 140 దగ్గర ఆగుతుంది. 9, 10 అంగుళాల చక్రాలున్న యంత్రాల ఫ్రేము, స్ప్రింగు చాలావాటిలో 300 పౌండ్లు తట్టుకునేంత గట్టివి కావు.

మీ యంత్రం సంగతి తెలియాలంటే పై తలుపు తీసి టెన్షన్ స్ప్రింగు చూడండి. బ్లేడు బిగించాక చుట్ల మధ్య సందు కనిపించాలి. చుట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే స్ప్రింగు పని అయిపోయినట్టే. ఆపైన మర తిప్పినా బిగువు సరిగా పెరగదు, ఫ్రేమే వంగుతుంది, చక్రం ఒరిగి బ్లేడు పక్కకు జరుగుతుంది. టెన్షన్ స్కేలు మీద 1/2 గుర్తు దగ్గర ముల్లు నిలిచిందని నమ్మకండి. చిన్న యంత్రాల్లో ఆ స్కేలు అలంకారమే.

వెడల్పు వల్ల లాభం లేదని కాదు. చెక్కను తోసినప్పుడు బ్లేడు వెనక్కి వంగకుండా ఆపేది వెడల్పే. కానీ వదులుగా ఉన్న వెడల్పాటి బ్లేడు లోతైన చెక్కలో మెలితిరిగి, కోత మధ్యలో పొట్ట వేస్తుంది. పైన, కింద గీత మీదే ఉంటుంది, రెండు ముక్కలు విడదీస్తే లోపల వంపు బయటపడుతుంది. సరిగ్గా బిగిసిన 3/8 బ్లేడు వదులు 1/2 కన్నా తిన్నగా కోస్తుంది.

రోజువారీ పనికి నా ఓటు 1/4కే. అంగుళానికి 6 పళ్ళున్నది ఎంచుకుంటే, ముప్పావు అంగుళం నుంచి రెండంగుళాల మందం చెక్క దాకా దాంతోనే గడిచిపోతుంది. ఇది తిరగగల అతి చిన్న వంపు వ్యాసార్ధం సుమారు 5/8 అంగుళం. 3/16 బ్లేడుకు అది 5/16, 1/8 బ్లేడుకు 3/16. 3/8 బ్లేడుకు మాత్రం దాదాపు అంగుళంన్నర కావాలి. అంతకన్నా బిగుతైన వంపులో బలవంతంగా తిప్పితే బ్లేడు వీపు కోత గోడకు రాసుకుని చెక్క మాడుతుంది, బ్లేడు గైడ్లలోంచి వెనక్కి జారుతుంది. వంపు ఒక్కటే బిగుతుగా ఉంటే బ్లేడు మార్చనక్కర్లేదు. పారేసే వైపు నుంచి గీత దాకా కొన్ని అడ్డకోతలు పెడితే ముక్కలు రాలిపోతూ దారి ఇస్తాయి.

మందపు చెక్కను నిలువునా పలకలుగా చీల్చడానికి 3/8, అంగుళానికి 3 లేదా 4 పళ్ళు. పళ్ళు ఎక్కువైతే పొట్టు సందుల్లో ఇరుక్కుని బ్లేడు వేడెక్కుతుంది. ఎంత సన్నటి చెక్కయినా ఒకేసారి కనీసం మూడు పళ్ళు అందులో ఉండాలి.

వెడల్పు గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, చిన్న చక్రాల మీద బ్లేడును చంపేది మందం. 0.025 మందం బ్లేడు 9 అంగుళాల చక్రం చుట్టూ వంగినప్పుడు దాని బయటి పొర మీద పడే ఒత్తిడి చదరపు అంగుళానికి 80,000 పౌండ్లు దాటుతుంది. మనం ఇచ్చే బిగువుకు అయిదింతల పైమాటే. ప్రతి చుట్టులో ఇది రెండుసార్లు. అందుకే పళ్ళ మధ్య లోయలోనో, వెల్డింగు దగ్గరో పగులు మొదలై, పదును ఉండగానే బ్లేడు తెగుతుంది. 0.014 మందంలో ఆ ఒత్తిడి 47,000కు తగ్గుతుంది. 9 అంగుళాల యంత్రానికి 0.014, 10 అంగుళాల దానికి 0.018 అడిగి తీసుకోండి. మందం తగ్గితే కావలసిన లాగుడూ తగ్గుతుంది కాబట్టి స్ప్రింగుకూ మేలు.

వెడల్పు మార్చిన ప్రతిసారీ గైడ్లు మళ్ళీ సర్దాలి. ముందు వాటిని పూర్తిగా వెనక్కి లాగండి. బ్లేడు బిగించి, చక్రం చేత్తో తిప్పుతూ ట్రాకింగ్, అంటే బ్లేడు చక్రం మీద జారకుండా ఒకేచోట తిరుగుతోందా లేదా, సరిచూడండి. తర్వాత పక్క గైడ్లను పళ్ళ లోయలకు కాస్త వెనకగా, బ్లేడుకు కాగితం మందం ఎడంతో నిలపండి. వెనక బేరింగు, ఖాళీగా తిరిగేటప్పుడు బ్లేడుకు తగలకుండా, అర మిల్లీమీటరు దూరంలో ఉండాలి. 1/8 బ్లేడుకు ఉక్కు బేరింగు గైడ్లు పనికిరావు, పళ్ళకు తగిలి వాటి పక్కవాటు (పళ్ళు చెరోవైపుకు వంగి ఉండటం) చదునైపోతుంది. గ్రాఫైట్ కలిపిన ఫైబరు దిమ్మెలు వేస్తే పళ్ళు తగిలినా నష్టం లేదు.