మా ఊరి రాయి వెంట వెరోనాకి

ఆ బ్లాకు మీద నా చేతిరాత ఉంది. ఎర్ర పెయింటుతో వంకరగా వేసిన నంబరు, చివర తొమ్మిది అంకె తోక కిందికి కారిపోయి ఉంది. నాలుగు నెలల కిందట చీమకుర్తి పక్కన రామతీర్థం దగ్గర క్వారీలో ఎండలో నిలబడి వేసింది నేనే. ఇప్పుడది ఇటలీలో, వెరోనా ఊరి పక్కన ఒక రాళ్ళ ఫ్యాక్టరీ యార్డులో పొగమంచుకు తడుస్తోంది. నేను రెండు స్వెటర్లు, పైన జాకెట్టు వేసుకొని దాని ముందు నిలబడ్డాను. తెలియని ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎదురైనట్టనిపించి చెయ్యి వేసి నిమిరాను. ఐసు ముట్టుకున్నట్టుంది. మా ఊళ్ళో మధ్యాహ్నంపూట ఇదే రాయి మీద చెయ్యి పెడితే కాలుతుంది.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో ఇరవై కిలోమీటర్లు పోతే చీమకుర్తి. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అని పిలిచే నల్ల గ్రానైటు దొరికేది అక్కడే. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు ఉంటాయి. అది బంగారం కాదు, బ్రోంజైట్ అనే ఖనిజం. పాలిష్ పట్టి వెలుతురులో కాస్త అటూ ఇటూ తిప్పితే ఒక్కో చుక్కా వెలిగి ఆరిపోతుంది. వ్యాపారంలో గ్రానైటు అంటాం గానీ భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు దీన్ని గాబ్రో రకం అంటారు. మా నాన్న ఈ క్వారీల్లోనే జాక్‌హామర్ పట్టి పాతికేళ్ళు పనిచేశాడు. ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. కానీ రాయి ముక్క చేతికిస్తే చుక్క సైజు చూసి ఏ క్వారీదో చెప్పేస్తాడు. నేను ఒక కంపెనీలో క్వాలిటీ చూస్తాను. బ్లాకు ఎగుమతికి పనికొస్తుందా లేదా తేల్చి నంబరు వేయడం నా పని.

2022 నవంబరులో ఇటలీ నుంచి కంప్లయింట్ వచ్చింది. మేం పంపిన బ్లాకులు కోస్తుంటే లోపల తెల్ల గీతలు, సన్న పగుళ్ళు బయటపడుతున్నాయని. క్యూబిక్ మీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగే రాయి అది. అంత బరువు సముద్రం దాటించాక పనికిరాదంటే నష్టం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మూడు వారాలు అక్కడుండి, వాళ్ళు కోసే ప్రతి బ్లాకూ చూసి రమ్మన్నారు. ఆ బ్లాకులన్నీ నేను పాస్ చేసినవే. విమానం ఎక్కుతున్నానన్న సంతోషం కంటే ఆ టెన్షనే ఎక్కువగా ఉంది.

అమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి, ఒక సీసా నెయ్యి సర్దింది. పాలతో చేసినవీ మాంసమూ బ్యాగులో పెట్టుకొని యూరప్‌లోకి పోకూడదని చెన్నైలో తెలిసింది. నెయ్యి సీసా పెదనాన్న కొడుకు ఇంట్లో ఇచ్చేశాను. పొద్దున ఒంగోలులో పినాకిని ఎక్కి, మధ్యాహ్నానికి చెన్నైలో దిగి, ఆ రాత్రంతా ఎయిర్‌పోర్టులో కూర్చొని తెల్లవారుజామున విమానం ఎక్కాను. దోహా దాకా నాలుగున్నర గంటలు, అక్కణ్ణించి వెనిస్‌కి ఇంకో ఆరు గంటలు. కిటికీలోంచి మంచు కప్పిన కొండలు కనపడ్డప్పుడు పక్కసీటాయన నిద్రపోతున్నాడు. లేపి చూపించాలన్నంత ఆత్రం వచ్చింది, ఊరుకున్నాను.

వెనిస్ నీళ్ళూ పడవలూ ఆ రోజు చూడలేదు. ఎయిర్‌పోర్టు బస్సులో మేస్త్రె స్టేషన్‌కి పోయి వెరోనా రైలెక్కాను. అక్కడ కాగితం టికెట్టు కొంటే చాలదు, ప్లాట్‌ఫారం మీద చిన్న మెషిన్లో దూర్చి టైము ముద్ర వేయించుకోవాలి. నాకది తెలియదు. టీసీ వచ్చి టికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, నా మొహం చూసి, జేబులోంచి పెన్ను తీసి తనే తేదీ, టైము రాసిచ్చి వెళ్ళిపోయింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ దేశంలో నాకు మొదట మేలు చేసిన మనిషి ఆమే.

ఫ్యాక్టరీలో సమస్య ఎక్కడుందో రెండోవారంలో తెలిసింది. ఇది కొంచెం వివరంగానే చెప్పాలి. బ్లాకులో పగులు ఉందో లేదో చూడ్డానికి మేం దాని మీద నీళ్ళు కొడతాం. తడిసిన రాయంతా నల్లగా ఒకేలా కనపడుతుంది. తర్వాత ఆరుతుంది. రాయి ఆరినా పగులులోకి ఇంకిన నీరు మాత్రం తొందరగా ఆరదు. అప్పుడు వెంట్రుకంత గీత తడిగా నిలబడి కనపడుతుంది. ఆ ఒకటి రెండు నిమిషాలే చూపు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉన్న పెద్దాయన, అరవై దాటినాయన, పైపు పట్టుకొని నీళ్ళు కొట్టి, చేతులు వెనక్కి కట్టుకొని బ్లాకు చుట్టూ మెల్లగా తిరుగుతున్నాడు. అక్కడి చలికి రాయి ఆరడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఓపిగ్గా తిరుగుతూనే ఉన్నాడు. ఒకచోట ఆగి వేలు పెట్టి చూపించాడు. పైనుంచి కిందికి సన్నగా తడి గీత.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. మేం బ్లాకులు చూసేది పదకొండు నుంచి రెండు మధ్య. లారీలు అప్పటికి వస్తాయి కాబట్టి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఎండకి కొట్టిన నీళ్ళు పొయ్యి మీద పెనం మీద పడ్డట్టు క్షణంలో ఎగిరిపోతాయి. రాయితో పాటే గీత కూడా ఆరిపోతుంది. కన్ను అటు తిరిగేలోపు అయిపోతుంది. రాయి తప్పు లేదు, మనుషులు అజాగ్రత్తగానూ లేరు. చూసే వేళ తప్పు. ఆ రాత్రే మా మేనేజరుకి ఫోన్ చేసి, రేపటి నుంచి తెల్లవారి ఐదున్నరకే చూడమని చెప్పాను. కూలీలకి అంత పొద్దున్నే రావడం కష్టమని ఆయన మొదట ఒప్పుకోలేదు. ఎండలో పని తగ్గుతుందని తెలిశాక వాళ్ళే ముందు ఒప్పుకున్నారు.

మూడు వారాలకి వెళ్ళినవాణ్ణి తిరిగొచ్చిన రెండు నెలలకే మళ్ళీ బయల్దేరాల్సొచ్చింది. అక్కడ ఎప్పుడూ మన మనిషి ఒకరు ఉండాలన్నారు. ఈసారి పనిచేసే వీసా. దానికి ముందు ఇటలీ నుంచి ‘నుల్లా ఓస్తా’ అనే కాగితం రావాలి. అంటే అభ్యంతరం లేదని, మన ఎన్‌ఓసీ లాంటిది. దిగిన ఎనిమిది పనిదినాల్లోపు నివాస పర్మిట్‌కి దరఖాస్తు చేయాలి. ఆ దరఖాస్తును పోస్టాఫీసులో ఇవ్వాలి. దాని మీద 16 యూరోల స్టాంపు అంటించాలి. ఆ స్టాంపు ఎక్కడ దొరుకుతుందని అడిగితే పొగాకు కొట్లో అన్నారు. నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. నిజంగానే అక్కడ ‘టి’ అక్షరం బోర్డు ఉన్న పొగాకు కొట్లలోనే రెవిన్యూ స్టాంపులు, బస్సు టికెట్లు అన్నీ అమ్ముతారు. టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ బోర్డు ఎక్కడ కనపడినా మనసుకి కొంచెం ధైర్యంగా ఉండేది.

ఇల్లు దొరకడం మాత్రం కష్టమైంది. ఫోన్లో ఖాళీ ఉందన్నవాళ్ళు మనిషిని చూశాక ఇచ్చేశామన్నారు. అలా మూడుచోట్ల జరిగింది. నాలుగోసారి అదే ఫ్యాక్టరీలో పాలిషింగ్ లైనులో పనిచేసే పంజాబీ అన్న తోడొచ్చి, తనకు తెలిసిన ముసలామెతో మాట్లాడి పైగది ఇప్పించాడు. ఆమె అడిగింది ఒక్కటే, రాత్రి పది తర్వాత వాషింగ్ మెషిన్ వేయవద్దని. ఆ అన్నే పదహారు అక్షరాల పన్ను నంబరు ఎక్కడ తీసుకోవాలో, ఫోన్ సిమ్ ఎక్కడ కొనాలో చూపించాడు. ఆయన ఋణం నేను తీర్చుకోలేను.

అమ్మ రోజూ ఒకే మాట అడిగేది. “అన్నం దొరుకుతుందా నాయనా?”

దొరుకుతుంది. అదీ ఎలాంటి చోట! వెరోనాకి దక్షిణాన ఇసోలా దెల్లా స్కాలా అనే ఊరుంది. అక్కడ నేలలోంచి ఉబికి వచ్చే ఊటనీళ్ళతో వరి పండిస్తారు. విత్తనం పేరు వియాలోనే నానో, గింజ పొట్టిగా బొద్దుగా ఉంటుంది. మా అత్తగారిది కోవూరు దగ్గర పల్లెటూరు, పెన్నా కాలవ కింద పొలం. నెల్లూరు మొలగొలుకుల బియ్యం పేరు చెబితే చాలు మా మామగారి కళ్ళు వెలిగిపోతాయి. కోతలప్పుడు ఒక ఆదివారం బస్సెక్కి ఆ ఊరు పోయాను. మళ్ళలో నిలబడితే ఆ పచ్చిగడ్డి వాసన, ఎండుగడ్డి దుమ్ము, అచ్చం కోవూరే. కళ్ళు మూసుకుంటే తేడా తెలియదు. మామగారికి వీడియో కాల్ చేసి కంకులు చూపిస్తే, “ఒక గింజ నలిపి చూపించు అల్లుడూ” అన్నారు. ఇటలీవాళ్ళు అన్నం వండే పద్ధతి మాత్రం ఆయనకి మింగుడుపడలేదు. గంజి వార్చరు. బియ్యాన్ని ముందు వెన్నలో వేయించి, వేడి వేడి చారు గరిటె గరిటెగా పోస్తూ, తిప్పుతూనే ఉంటారు. గింజలోని గంజి అంతా అందులోనే కలిసి చిక్కబడుతుంది. నాకు తినగా తినగా నచ్చింది. శ్రీలంక వాళ్ళ కొట్లో కరివేపాకు దొరికిన రోజు మాత్రం చింతపండు పులుసే.

మొదటి చలికాలం గట్టిదెబ్బే తీసింది. అక్కడి మైదానంలో పొగమంచు దిగితే వారాలపాటు సూర్యుడు కనపడడు. మనకంటే నాలుగున్నర గంటలు వెనక. నేను గదికి చేరేసరికి ఇంటిదగ్గర పాప నిద్రపోయి ఉండేది. తన బడి కబుర్లన్నీ మా ఆవిడ రికార్డు చేసి పంపేది. అన్నం తింటూ వినేవాణ్ణి. కొన్ని రాత్రులు తిరిగి వెళ్ళిపోదామనే అనుకున్నాను. మరుసటేడాది వాళ్ళిద్దరూ వచ్చాకే ఆ గది ఇల్లైంది.

ఆదివారాలు ఊరు చూసేవాణ్ణి. వెరోనా వీధుల్లో పరిచిన ఎర్రరాళ్ళలో చక్రాల్లా చుట్టలు చుట్టుకున్న గుర్తులుంటాయి. కోట్ల ఏళ్ళనాటి సముద్ర జీవుల గుల్లలు అవి, రాయిలోనే ఉండిపోయాయి. వానపడి తడిసినప్పుడు బాగా కనపడతాయి. మధ్యలో రెండు వేల ఏళ్ళ కిందట రోమన్లు కట్టిన అరీనా ఉంది. దాని రాయి పక్కనున్న వాల్పొలిచెల్లా కొండల్లోనిదే. మెట్ల మీద కూర్చొని రాతి అంచు తడిమాను. ఇన్ని వేల ఏళ్ళ తర్వాత కూడా ఆ రాయి ఎక్కడిదో ఆ ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు. అది నా మనసులో బాగా నాటుకుంది.

ఎందుకంటే రాళ్ళ వ్యాపారంలో వాళ్ళ రాళ్ళు చాలావాటికి ఊరి పేరుంటుంది. కరారా అంటే కరారా ఊరిది, బొత్తిచీనో అంటే బొత్తిచీనోది, రోస్సో వెరోనా అంటే వెరోనా ఎర్రరాయి. మా రాయి షోరూముల్లో, హోటళ్ళలో, వంటింటి గట్ల మీద కనపడుతుంది. చీటీ మీద ‘బ్లాక్ గెలాక్సీ, ఇండియా’ అని ఉంటుంది. చీమకుర్తి పేరు ఎక్కడా లేదు. దుమ్ము మాది, లారీల మోత మాది, నాన్న చెవులు పోయింది ఆ రాయి కోసమే. పేరు మాత్రం ఎవరో పెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోర్‌మన్ పెద్దాయన అడిగాడు, ఈ రాయి ఏ ఊరిదని. చెప్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. “చీమ?” అని మళ్ళీ అడిగాడు. ఇటాలియన్‌లో చీమ అంటే కొండ శిఖరం. మన ఉచ్చారణే. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగిసే భాష కాబట్టి చీమకుర్తి అనడం ఆయనకి కొంచెం కూడా కష్టం కాలేదు. మా భాషలో చీమ అంటే ఇది అని బల్ల మీద రొట్టె పొడి చుట్టూ తిరుగుతున్న చీమను చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, గోడకి ఆనించిన స్లాబు, అంటే బ్లాకును కోసిన పలక, అంచున తన లిపిలో, తనకు వినపడ్డట్టు మా ఊరి పేరు రాశాడు. చదివించి, అక్షరం తప్పు లేదు కదా అని అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత వారం కొత్త స్టాకు చీటీల మీద ‘బ్లాక్ గెలాక్సీ’ కింద చిన్న అక్షరాలతో ‘చీమకుర్తి’ అని అచ్చయి ఉంది. నేను అడగలేదు. ఆయనే ఆఫీసులో చెప్పి వేయించాడు.

2024లో ఎర్రసముద్రం గొడవల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చేవి. మా బ్లాకులు రెండు వారాల దాకా ఆలస్యమయ్యేవి. అలా ఆలస్యంగా వచ్చిన ఒక లాటు కోసి, పాలిష్ అయ్యాక, సాయంత్రం ఎవరూ లేని వేళ ఇంటికి వీడియో కాల్ చేశాను. నాన్న పాతికేళ్ళు కొట్టిన రాయి పూర్తిగా తయారయ్యాక ఎలా ఉంటుందో ఇంత పెద్ద స్లాబులో ఎప్పుడూ చూడలేదు. లైటు వేసి ఫోను మెల్లగా జరిపాను. చుక్కలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. చీటీ మీద ఊరి పేరు చూపించి ఇదుగో అన్నాను. ఆయనకి ఆ మాట వినపడలేదు.

“దగ్గరికి పెట్టు అబ్బాయ్” అన్నాడు. “ఇంకా దగ్గరికి. ఆ చుక్క చూడనీ.”

ఫోను రాయికి ఆనేంత దగ్గర పెట్టాను. కాసేపు చూసి, “ఇది బూదవాడ వైపుది కదూ” అన్నాడు.

స్లాబు అంచున ఉన్న బ్లాకు నంబరు చూశాను. బూదవాడదే.