ఎస్‌టీఎస్ ప్రాజెక్టు: ప్రశ్న దగ్గర్నుంచి స్టైపెండ్ చేతికొచ్చేదాకా (గైడ్‌గా నా అనుభవం)

ఎంబీబీఎస్, బీడీఎస్ చదువుతున్న పిల్లల్ని పరిశోధన వైపు తిప్పడానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1979లో మొదలుపెట్టిన పథకం షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. కాలేజీల్లో అందరూ ఎస్‌టీఎస్ అనే అంటారు. రెండు నెలల పనికి నెలకు 25,000 చొప్పున 50,000 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. ఇంతకుముందు మొత్తం కలిపి 20,000 ఉండేది. ప్రభుత్వ వైద్య కళాశాలలో గైడ్‌గా (ప్రాజెక్టుని దగ్గరుండి చేయించే అధ్యాపకుడిగా) ఉండి చూసినదాన్ని బట్టి, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు ఆగిపోతున్నారో రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఈ 50,000 విద్యార్థికిచ్చేది, ప్రాజెక్టు ఖర్చులకి కాదు. పైగా ముందుగా చేతికి రాదు. పని పూర్తిచేసి, రిపోర్టు పంపి, దానికి ఆమోదం వచ్చాకే స్టైపెండ్, సర్టిఫికెట్. రిపోర్టు తిరస్కరిస్తే రెండూ పోయినట్టే. అందుకే ఎలైసా కిట్ (ల్యాబ్ పరీక్షకి కొనాల్సిన సామగ్రి) కావాల్సిన ప్రశ్నతో ఎవరైనా వస్తే, కిట్ ఎవరు కొంటారని మొదటే అడుగుతాను. డిపార్ట్‌మెంట్‌లో ఎలాగూ జరుగుతున్న పరీక్షలతో, ఓపీకి ఎలాగూ వచ్చే రోగులతో తేలే ప్రశ్న అయితేనే రెండు నెలల్లో ఒడ్డున పడుతుంది.

ఒక గైడ్‌కి ఒక్క విద్యార్థే అన్నది నిబంధన. దరఖాస్తులకి ఐసీఎంఆర్ ప్రకటన వచ్చాక గైడ్ కోసం తిరిగితే, ఓపిగ్గా చూసేవాళ్లు అప్పటికే ఎవరికో ఒకరికి మాటిచ్చి ఉంటారు. ప్రకటనకి రెండు మూడు నెలల ముందే వెళ్లి కలవాలి. ఖాళీ చేతులతో కాకుండా, ఒక పేజీలో ప్రశ్న రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే.

ఉదాహరణకి, మా ఓపీకి వచ్చే బీపీ రోగులు మందులు సరిగా వేసుకుంటున్నారా అనే ప్రశ్న తీసుకుందాం. ఎక్కువమంది మోరిస్కీ ఎనిమిది ప్రశ్నల స్కేలు (మందులు సరిగా వేసుకుంటున్నారో కొలిచే ప్రశ్నావళి) నెట్‌లోంచి దించుకుని ప్రపోజల్‌లో (ఐసీఎంఆర్‌కి పంపే పరిశోధన ప్రతిపాదనలో) పెట్టేస్తారు. దానికి కాపీరైట్ ఉంది, లైసెన్సు తీసుకోవాలి, డబ్బు కట్టాలి. లైసెన్సు లేకుండా వాడినందుకు అచ్చయిన పేపర్లే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఏ ప్రశ్నావళి అయినా ఎవరిది, అనుమతి కావాలా, తెలుగులో సరిచూసిన రూపం ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఈ ప్రశ్నకి మాత్రలు లెక్కపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఇచ్చినవాటిలోంచి మిగిలినవి తీసేసి, ఆ రోజులకి వేసుకోవాల్సిన సంఖ్యతో భాగించి, వందతో గుణించాలి. రోజుకొకటి చొప్పున 30 ఇచ్చారు, 30 రోజులకి వచ్చారు, చేతిలో 9 మిగిలాయి. వేసుకున్నవి 21, అంటే 70 శాతం. సాధారణంగా 80 శాతాన్ని గీతగా పెట్టుకుంటారు కాబట్టి ఈయన సరిగా వేసుకోనట్టు లెక్క. చిక్కులు ఇక్కడే వస్తాయి. రోగి స్ట్రిప్పులు ఇంట్లో వదిలేసి వస్తాడు. కిందటి నెలవి కొత్తవాటిలో కలిసిపోతాయి. భార్యాభర్తలిద్దరికీ బీపీ ఉంటే ఒకే డబ్బాలోంచి ఇద్దరూ వేసుకుంటారు. అందుకని చేర్చుకున్న రోజునే ఇంట్లో పాతవి ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి, వచ్చేసారి ఖాళీ స్ట్రిప్పులతో సహా తెమ్మని చెప్పాలి, ఆ మాట ఓపీ చీటీ మీద కూడా రాయాలి.

నెల తర్వాత మళ్లీ చూడాలి కనుక రోగులందర్నీ మొదటి నెలలోనే చేర్చుకోవాలి. శాంపిల్ సైజు (ఎంతమందిని తీసుకోవాలన్న) లెక్క ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. శాతం ఎంత ఉండొచ్చో ముందుగా తెలియనప్పుడు 50 అనుకుంటాం. 95 శాతం కాన్ఫిడెన్స్‌తో, అటూ ఇటూ 5 శాతం తేడాకి 384 మంది కావాలి. నెలలో ఓపీ రోజులు 25 అనుకుంటే రోజుకు పదిహేను మందికి పైనే. విషయం చెప్పి, సంతకం తీసుకుని, వివరాలు రాసుకునేసరికి ఒక్కొక్కరికి 25 నిమిషాలు పడుతుంది, అంటే రోజుకు ఆరు గంటలు దాటుతుంది. క్లాసులు, పోస్టింగులు ఉన్న విద్యార్థికి అది జరిగే పని కాదు. తేడాని 10 శాతం చేస్తే 96 మంది చాలు. పది శాతం మంది రెండోసారి రారనుకుంటే 107. రోజుకు నలుగురైదుగురు, రెండు గంటల్లో అయిపోతుంది. 10 శాతం తేడా ఈ ప్రశ్నకి ఎందుకు చాలో ప్రపోజల్‌లో ఒక వాక్యం రాయండి. ఏ లెక్కా చూపకుండా వంద మందిని తీసుకుంటామని రాస్తే రివ్యూయర్ అక్కడే పెన్ను దించేస్తాడు.

ప్రపోజల్‌లో విద్యార్థి పేరు, గైడ్ పేరు, కాలేజీ పేరు ఎక్కడా కనపడకూడదు. ఇది అందరికీ తెలిసిందే, అయినా పేరు మెథడాలజీలో (పని ఎలా చేస్తామో చెప్పే భాగంలో) దూరుతుంది. ఫలానా ఆసుపత్రి మెడిసిన్ ఓపీలో అని రాసేస్తారు. బోధనాసుపత్రి మెడిసిన్ ఓపీ అంటే సరిపోతుంది. గైడ్, ప్రిన్సిపాల్ సంతకాలు, ముద్రలు పడాల్సిన అటెస్టేషన్ ఫారం వేరే ఉంటుంది. దాన్ని చివరి రోజుకి వదలొద్దు. ప్రిన్సిపాల్ సెలవులో ఉంటే ఇన్‌ఛార్జి ఎవరో, ముద్ర ఎవరి దగ్గరుందో కనుక్కునేలోపు గడువు దాటిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కు ఇంటిపేరు. టెన్త్ మెమోలో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరం, ఆధార్‌లో పేరు తర్వాత ఇంటిపేరు. దరఖాస్తు పెట్టకముందే ఇవన్నీ ఒకటి చేసుకుంటే స్టైపెండ్ దగ్గర ఇబ్బంది ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ ప్రాజెక్టులు ఆగేది ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ) దగ్గర. కమిటీ అనుమతి లేకుండా ఒక్క రోగినీ చేర్చుకోకూడదు, చేర్చుకున్నాక వెనకటి తేదీతో అనుమతి ఇవ్వరు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీ అధ్యక్షుడు బయటి సంస్థ వ్యక్తి అయి ఉండాలి, కోరానికి (సమావేశం చెల్లడానికి) కనీసం ఐదుగురు కావాలి, వాళ్లలో వైద్యేతరులూ ఉండాలి. ఇంతమందికి కుదిరే తేదీ నెలనెలా దొరకదు. కాబట్టి ఎంపిక జాబితా కోసం చూడకుండా, ఐసీఎంఆర్‌కి ప్రపోజల్ పంపిన వారంలోనే కమిటీకి కూడా పెట్టేయండి. ఎంపిక కాకపోయినా ఆ అనుమతితో పని చేసుకోవచ్చు.

కమిటీ వెనక్కి పంపేది చాలాసార్లు సైన్సు బాగాలేదని కాదు, కన్సెంట్ ఫారం (రోగి అంగీకార పత్రం) బాగాలేదని. ఇంగ్లీషు ఫారంలో ఉన్న వాక్యం తెలుగులో ఉండదు. వెర్షన్ నంబరు, తేదీ ఉండవు. ఎవరికి ఫోన్ చేయాలో ఉండదు. "ఇందులో చేరడం వల్ల మీకు నేరుగా లాభం ఉండదు. చేరకపోయినా మీ వైద్యం ఎప్పటిలాగే జరుగుతుంది" అన్న రెండు మాటలూ స్పష్టంగా ఉండాలి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఉర్దూ ఫారం కూడా తప్పనిసరనే అనుకోండి. చదవలేనివాళ్లకి మొత్తం చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, పక్కన సాక్షి సంతకం పెట్టించాలి. ఆ సాక్షి మీ బ్యాచ్‌మేట్ అయితే చెల్లదు, పరిశోధనతో సంబంధం లేని మనిషి కావాలి. రోగులు 12 నుంచి 18 ఏళ్ల పిల్లలయితే తల్లిదండ్రుల సంతకంతో పాటు వాళ్ల రాతపూర్వక అంగీకారమూ తీసుకోవాలి.

రిపోర్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రోజు వివరాలు ఆ రోజే ఎక్సెల్‌లోకి ఎక్కించండి, విశ్లేషణకి ఉచిత సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. 107 అనుకుని 91 మందే వస్తే 91 అనే రాయండి, ఎందుకు తగ్గారో రాయండి. అనుకున్న ఫలితం రాకపోవడం తప్పు కాదు. ప్రపోజల్‌లో చెప్పింది ఒకటి, రిపోర్టులో చేసింది మరొకటి అయితే తిరస్కరించొచ్చు.

ఇదే అలవాటుతో ఫ్యాకల్టీ ఐసీఎంఆర్ ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటుకి (బయటి సంస్థల్లో పరిశోధనకి ఐసీఎంఆర్ ఇచ్చే నిధికి) వెళ్లొచ్చు. చిన్న గ్రాంటు కింద రెండు కోట్ల దాకా అడగవచ్చు. అక్కడ డబ్బు మీ పేరున కాదు, సంస్థకి వస్తుంది. ఏటా జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం పంపకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ఖాతాలో పడిన వడ్డీ మనది కాదు, తిరిగి కేంద్రానికి జమ కట్టాలి. ప్రభుత్వ కాలేజీల్లో బదిలీలు ఉంటాయి కనుక, మీరు వెళ్లిపోయినా పని నడిపించగల సహ పరిశోధకుణ్ని అదే కాలేజీలోంచి మొదటి రోజునే చేర్చుకోండి. ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌ని (ప్రధాన పరిశోధకుణ్ని) మార్చాలంటే ఐసీఎంఆర్ అనుమతి రావాలి, అది వచ్చేదాకా ప్రాజెక్టు స్టాఫ్ జీతాలు నిలిచిపోయే ప్రమాదం ఉంటుంది.