షేర్బూర్ దాకా మా పడవలో

జూన్‌లో నేనూ మా ఆవిడా మా సొంత పడవలో ఫ్రాన్స్ వెళ్తున్నాం. సౌతాంప్టన్ దగ్గర బయల్దేరి ఐల్ ఆఫ్ వైట్ దీవి పడమటి కొసనున్న నీడిల్స్ రాళ్లు దాటితే, అక్కణ్నుంచి ఫ్రాన్స్‌లోని షేర్బూర్ రేవు ఇంచుమించు 60 నాటికల్ మైళ్లు (సముద్రపు మైళ్లు, ఒక్కోటి 1.85 కి.మీ.). మా వేగం 5 నాట్లు (గంటకి 5 నాటికల్ మైళ్లు), అంటే 12 గంటలు.

నాకు టెన్షన్ అంతా ప్రవాహాల గురించే. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్యనున్న ఇంగ్లిష్ ఛానెల్లో ఆటుపోట్ల వల్ల నీళ్లు సుమారు ఆరు గంటలు తూర్పుకి, ఆరు గంటలు పడమరకి పారతాయి. నిన్న రాత్రి భోజనాల బల్ల మీద చార్టు (సముద్రపు మ్యాపు) పరిచి, గంటగంటకీ పడవ ఎటు జరుగుతుందో పెన్సిల్‌తో గీశాను. ముందు తూర్పుకి వంగిన గీత, చివరికి చాలావరకు వెనక్కి వచ్చేసింది! అందుకే దారి పొడవునా ప్రవాహంతో పోట్లాడకుండా ఒకే దిశ పట్టుకుని పోతాం. రేవు దగ్గరపడ్డాక మాత్రం ప్రవాహం వచ్చే వైపే ఉండాలి. పక్కకి జారిపోతే ఎదురీది రావడం మహా కష్టం.

రిజిస్ట్రేషన్, వ్యాట్ కట్టిన రుజువు, ఇన్సూరెన్స్, అన్నీ ఒరిజినల్సే ఫైల్లో పెట్టాను. ఆవిడది బ్రిటిష్ పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా) తప్పదు. బయల్దేరే ముందు బ్రిటన్ సరిహద్దు అధికారులైన బోర్డర్ ఫోర్స్‌కి ఆన్‌లైన్‌లో తెలపాలి.

బ్రిటన్ నుంచి పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్లకూడదు. నెయ్యి ఇంట్లోనే వదిలేసి, ఆవకాయ మాత్రం సర్దుతున్నాం.