ఇంటికొచ్చిన బల్ల

ఫిబ్రవరిలో దగ్గు మొదలైనప్పుడు మామిడి పూత గాలి పడలేదనుకున్నాను. చిత్తూరులో ఆ నెలలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. ఒక క్లినిక్‌లో మూడుసార్లు మూడు రకాల సిరప్‌లు రాశారు గానీ కళ్లె పరీక్ష చేయించుకోమని ఎవరూ అనలేదు. ఏప్రిల్‌కల్లా ఏడు కిలోలు తగ్గాను. రాత్రిళ్లు చెమటకి దిండు తడిసిపోయేది. ఆదివారం చర్చి క్వయిర్‌లో నిలబడితే రెండో చరణానికే ఊపిరి అందేది కాదు. చివరికి ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేస్తే టీబీ అని తేలింది.

మందులు ఆరు నెలలు వాడాలన్నారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. నేను 46 కిలోలున్నాను కాబట్టి రోజుకి మూడు మాత్రలు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దని నర్సు ముందే చెప్పింది. మాత్రలు ఆపేసి ఉపవాస ప్రార్థనలో ఉండమన్న బంధువులూ ఉన్నారు. నేను ఒక్క రోజు కూడా మానలేదు. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదముంది. ఆ మాత్రలు కూడా దేవుడిచ్చినవే అని నా నమ్మకం.

మాత్రల వికారం కంటే నేను చెప్పించిన అబద్ధమే ఎక్కువ బాధపెట్టింది. సంఘంలో ఎవరడిగినా టైఫాయిడ్ అని చెప్పమని మా ఆయనతో అన్నాను. టీబీ అన్న మాట మా వైపు పిల్లల పెళ్లిళ్ల దాకా వెంట వస్తుంది. అయినా విషయం దాగలేదు. "ఆమె తాగిన పాత్రలో మేమెట్లా తాగాల?" అని ఒకరు మా పాస్టర్ అయ్యగారిని అడిగారట. బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు మా గుడిలో అందరికీ పాత్ర ఒకటే. టీబీ గాలి ద్వారా వస్తుంది, గిన్నెలూ గ్లాసుల వల్ల రాదు. అది తెలిసినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా పాడుతున్న గుడిలో ఇక నాకు చోటు లేదనిపించింది.

మొదట వచ్చింది మిట్టూరు అవ్వ. ఎనభై దాటిన మనిషి, టిఫిన్ క్యారియర్‌లో రాగి సంగటి, గుడ్ల పులుసు పట్టుకుని వచ్చింది. "అవ్వా, లోపలికి రావద్దు, నాకు టీబీ" అన్నాను. సంఘంలో ఒక మనిషికి నా నోటితో నేను ఆ మాట చెప్పడం అదే మొదలు.

అవ్వ గడప మీదే కూర్చుంది. "తెలుసులే పాపా. పెండ్లి కాకముందు నేనూ ఆరోగ్యవరంలో ఏడాదిపైన పండుకోని ఉన్నా" అంది.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం టీబీ శానటోరియం గురించి విన్నాను గానీ, అవ్వ అక్కడ ఉందని మాలో ఎవరికీ తెలియదు. 1910ల్లో వేర్వేరు మిషన్లు కలిసి మొదలుపెట్టిన ఆసుపత్రి అది. పేరు కూడా యూనియన్ మిషన్ శానటోరియమే. "ఈ పక్క మంచం లూథరన్ పిల్లది, ఆ పక్కది బాప్టిస్టు పిల్లది. సాయంత్రం ప్రార్థనప్పుడు అందరమూ కలిసి ఆమెన్ అంటా ఉంటిమి. తిను, చల్లారిపోతాది" అంది.

ఆ తర్వాత మంగళవారం, శుక్రవారం అవ్వ వంతు. మిగతా రోజులు ఎవరెవరు తేవాలో మా క్వయిర్ అక్క ప్రాక్టీస్ నోట్‌బుక్ వెనక పేజీలో గీతలు గీసి రాసుకుంది. ప్రతి పేరు పక్కన చిన్న గడి, దాని పైన "మాత్రలు వేసుకుందా?" అని ఉంది. ఆ పేజీ ఇప్పుడు నా బైబిల్లో ఉంది.

మే మొదటి ఆదివారం మధ్యాహ్నం అయ్యగారు బల్ల ఇవ్వడానికి మా ఇంటికి వచ్చారు. యాకోబు పత్రికలోని రోగి కోసం ప్రార్థించే మాటలు చదువుతారనుకున్నాను. ఆయన అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తీశారు. సౌలు హింసించింది విశ్వాసుల్ని. దమస్కు దారిలో వినబడిన యేసు స్వరం మాత్రం "నీవేల నన్ను హింసించుచున్నావు" అని అడిగింది. "వాళ్లకు తగిలిన దెబ్బ ఆయనకు తగిలిందమ్మా. నీ దగ్గు ఆయనకు దూరంగా లేదు" అన్నారు.

విశ్వాసులంతా క్రీస్తు శరీరానికి అవయవాలు అన్న పాఠం సండే స్కూల్ నుంచీ వింటున్నదే. ఒకరికొకరు సాయం చేసుకోవాలనే నీతి అనుకునేదాన్ని. కొరింథీయులకు ఆ మాటలు రాసిన పౌలు ఆ సౌలే అని అప్పుడు తట్టింది. ఆ "నన్ను" అనే మాట తన చెవులతో విన్నవాడు పోలిక కోసం రాసి ఉంటాడని ఇప్పుడు అనుకోలేను.

రొట్టె పొద్దున గుడిలో విరిచినదే. పాత్రా అదే. నా తర్వాత మా ఆయన తాగాడు, ఆయన తర్వాత గడప దగ్గర అవ్వ. నేను తాగాక అయ్యగారు అంచుని తెల్లగుడ్డతో తుడిచారు, గుడిలో అందరి తర్వాతా తుడిచినట్టే, ఒక్కసారి.

అక్టోబరులో మందులు అయిపోయాయి. కళ్లెలో క్రిములు లేవన్నారు. క్వయిర్‌లో నా చోట నేను నిలబడుతున్నాను గానీ రెండో చరణం మధ్యలో ఇప్పటికీ ఊపిరి తెగుతుంది. పక్కనున్న అక్క నా వైపు చూడకుండానే గొంతు కొంచెం పెంచుతుంది. నేను గాలి పీల్చుకుని పల్లవి దగ్గర అందుకుంటాను.