మేడ మీద గది

మోటారు ఇవాళ కూడా రాలేదు. నాలుగో రోజు. వైండింగ్ కాలిపోయిందట. తీసుకెళ్లినతను ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపొద్దున్నే అక్కా" అంటాడు, ఆ రేపు ఏ వారమో మాత్రం చెప్పడు. కింద సంపులోంచి తోడి పద్దెనిమిది మెట్లు ఎక్కించాలి. పొద్దున ఏడు బకెట్లు, సాయంత్రం అయిదు. నడుం పట్టేసింది. పదకొండున్నరైంది, పడుకోవాలి. కానీ నిద్ర పట్టనిది మోటారు వల్ల కాదు, చిన్నోడి వల్ల.

సాయంత్రం మూడో బకెట్ మోసుకొస్తుంటే మెట్ల మీద అడ్డంగా కూర్చున్నాడు, ఒళ్లో నోటుబుక్కు. బళ్లో వక్తృత్వ పోటీ అట. "మధ్యతరహా నగరం ఒలింపిక్స్ నిర్వహణకు పోటీ పడాలా?" చీటీలు తీస్తే వీడికి "పడాలి" వచ్చింది. "అమ్మా, మన ఊరి మీదే మాట్లాడతాను. విజయనగరంలో ఒలింపిక్స్ పెడితే ఎలాగుంటుందో పాయింట్లు చెప్పవా?" అన్నాడు.

నవ్వేశాను. మామూలు నవ్వు కాదు. బకెట్ దింపి, గోడకి చేరబడి, కళ్లంట నీళ్లొచ్చేదాకా. "ముందు మీ నాన్న చేత మోటారు పెట్టించు, తరవాత ఒలింపిక్స్ పెడదాం" అన్నాను. వాడు నవ్వలేదు. పుస్తకం మూసుకుని లోపలికి పోయాడు. అన్నాల దగ్గర నోరు విప్పలేదు. బెండకాయ వేపుడు వాడికి ప్రాణం, అయినా మారు అడగలేదు.

అత్తమ్మ ఊరుకుంటారా. "ఏటే అంత నవ్వు? ఆడేటి అడగరానిది అడిగీసినాడనీ? పైడితల్లమ్మ పండక్కి మనూరు లచ్చలమంది రారేటి?" అని, చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకున్నారు. ఆవిడ ఎప్పుడూ ఇంతే. అనాల్సింది అనేసి దీపం ఆర్పేస్తారు, మనం చీకట్లో కూర్చుని ఆలోచించుకోవాలి.

నా నవ్వుకి లెక్క లేకపోలేదు. 2011 జనాభా లెక్కల్లో మన పట్నం మొత్తం 2.28 లక్షలు. పారిస్‌లో 2024లో ఆడ్డానికొచ్చిన వాళ్లే పదివేల అయిదొందల మంది. వాళ్ల కోచ్‌లు, డాక్టర్లు, విలేకర్లు, చూడ్డానికొచ్చే జనం వేరే. మాఘమాసం ముహూర్తాలకే ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జిలో ఒక్క గది దొరక్క మా ఆడపడుచు పెళ్లివారిని భోగాపురం దాకా పంపించాం. దాన్ని పదివేలతో హెచ్చవేసుకుంటే నవ్వు రాక ఏమొస్తుంది?

అప్పుల సంగతి ఇంకోటి. మాంట్రియల్‌లో 1976లో చేశారు. మగాడు బిడ్డని కన్నప్పుడే ఒలింపిక్స్‌కీ లోటొస్తుందని ఆ ఊరి మేయరు అంతకుముందు కోతలు కోశాడు. ఆ అప్పు తీరింది 2006లో. ముప్ఫయ్యేళ్లు! మా అక్క పెళ్లికి నాన్న చేసిన అప్పు నా పెళ్లి కూడా అయ్యాకే తీరింది, అది కళ్లారా చూసినదాన్ని కనక ఆ ముప్ఫయ్యేళ్లు ఎలా గడిచి ఉంటాయో నాకు తెలుసు. పిల్లల చదువులు, పళ్ల వైద్యం, ఇంటికి సున్నం, అన్నీ "అది తీరాక". డెన్వర్ వాళ్లు నయం. 1976 శీతాకాలం ఆటలు చేతికొచ్చాక కూడా 1972లో ఓట్లేసుకుని మా డబ్బు పెట్టం అనేశారు. ఆటలు ఇన్స్‌బ్రుక్‌కి పోయాయి. పిలిచిన పేరంటాన్ని రద్దు చేసుకోవడానికి ఎంత గుండె కావాలో ఆడవాళ్లనడగాలి.

ఇవన్నీ వాడికి చెప్పి ఉంటే బావుండేది. వాడు "పడాలి" పక్షమే, అయినా అవతలివాళ్లు ఏమంటారో తెలిసేది. చెప్పకుండా నవ్వాను.

అసలు ఆ నవ్వు చిన్నోడి మీదేనా అని ఇప్పుడు అనుమానం. మధ్యాహ్నం బావగారు అహ్మదాబాద్ నుంచి ఫోన్ చేశారు. ఆయన ఫోనంటే స్పీకర్లో పెట్టి బియ్యం ఏరుకోవాల్సిందే, అరగంటకి తక్కువుండదు. 2030 కామన్వెల్త్ క్రీడలు వాళ్లకి ఖాయమైన దగ్గర్నుంచీ ఆయన మాటతీరే వేరు. 2036 ఒలింపిక్స్‌కి మన దేశం 2024లో ఉత్తరం ఇచ్చింది, ఇంకా ఏదీ తేలలేదు. ఆయనకి మాత్రం తేలిపోయింది. "మా మోతెరాలో స్టేడియం చూశావుగా, లక్షా ముప్ఫై రెండు వేలమంది పడతారు. మా ఊరు ఇంక మీరు గుర్తుపట్టలేరు. మీ ఊళ్లో ఏముందమ్మా, ఆ గంటస్తంభం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది" అన్నారు.

మీ ఊరు! ఈ మనిషి పుట్టింది దాసన్నపేటలో. అయ్యకోనేరు గట్టు మీంచి పడి గడ్డం చీరుకుంటే కుట్లేసిన గుర్తు ఇప్పటికీ ఉంది. మహారాజా కాలేజీలో మూడేళ్లు చదివి, కోట గోడ పక్కన సైకిలు పోగొట్టుకుని, మా మామగారి చేత దెబ్బలు తిన్నవాడు. ఇరవై ఏళ్లు అక్కడుంటే అది "మా ఊరూ", ఇది "మీ ఊరూ" అయిపోయిందా? గంటస్తంభం కదలదట. స్తంభం కదిలితే గదా బెంగ పెట్టుకోవాలి.

సరే, అంతటితో ఆగారా? "పండక్కి వస్తున్నాం, తొమ్మిదిమందిమి. మేడ మీద గది ఖాళీగా ఉంచు. ఏసీ ఓసారి సర్వీసింగ్ చేయించండి" అన్నారు. నేను బియ్యంలో రాయి ఏరుతున్నాను. ఒక్క రాయి కోసం చేట మొత్తం మళ్లీ చెరిగాను.

కిందటేడు పదకొండుమంది. సిరిమాను ముందురోజు, తొలేళ్ల నాటి మధ్యాహ్నం దిగారు. సాయంత్రం అయిదింటికల్లా ట్యాంకు ఖాళీ. వాళ్ల పిల్ల గీజరు పనిచెయ్యట్లేదని మూడుసార్లు కిందికొచ్చింది, నాలుగోసారి వాళ్లమ్మ వచ్చింది. నేను పులిహోరకి పోపు పెడుతున్నాను, చింతపండు గుజ్జు చేతినిండా. తోటికోడలు గుమ్మంలో నిలబడి "మా అపార్ట్‌మెంట్లో ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లే" అంది. ఆ చేత్తోటే దణ్ణం పెట్టాలనిపించింది. సిరిమాను నాడు వాళ్లందరూ మేడ మీంచి సుఖంగా జనాన్ని ఫోటోలు తీసుకున్నారు. నేను అమ్మవారిని టీవీలో చూశాను. మూడు లాంతర్లకి నడిచి పది నిమిషాలు నా ఇంటి నుంచి. పది నిమిషాలు! వాళ్లు వెళ్లాక దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టేసరికి దీపావళి వచ్చింది.

ఇక్కడే నా మనసు అడ్డం తిరిగింది. ఇంత రాసి చూసుకుంటే అత్తమ్మ మాటే నిజం. దసరా వెళ్లిన మంగళవారం, ఒక్క పూటలో, ఈ ఇరుకు రోడ్ల మీదకి లక్షల జనం వస్తారు. ఏభై, అరవై అడుగుల చింతమాను, అదే సిరిమాను, నిలబడి వస్తుంది, దాని కొసన ఆసనం మీద పూజారి. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు. జనం కింద నుంచి అరటిపళ్లు విసురుతారు. మూడు గంటల్లో అయిపోతుంది. చీకటి పడేసరికి పార్వతీపురం వాళ్లు పార్వతీపురం బస్సులోనూ, ఎస్.కోట వాళ్లు ఎస్.కోట బస్సులోనూ ఉంటారు. దీనికి ఎవరూ కన్సల్టెంట్లని పెట్టలేదు. ప్రతి ఇంట్లోనూ నాలాంటిదొకత్తె పులిహోర కలుపుతుంది, అంతే. లిల్లేహామర్ అని నార్వేలో పాతిక వేలు కూడా లేని ఊరు 1994లో శీతాకాలం ఒలింపిక్స్ చేసి శభాష్ అనిపించుకుంది. మనమేం తక్కువ?

ఇంకోటి తోచింది. 1936 ఆగస్టులో బెర్లిన్‌లో ఒలింపిక్స్ జరుగుతుంటే, సరిగ్గా ఆ వేసవిలోనే మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ బాబు ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి ముప్ఫైమూడు పరుగులు చేశాడు, జట్టులో అందరికన్నా బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించేశాడు. ఆటకన్నా పలుకుబడి పెద్దదైన కెప్టెన్సీ. 2036 అంటే దానికి నిండా వందేళ్లు. చిన్నోడికి ఈ ముక్క పనికొస్తుందా? "ఆట రాకపోయినా ముందు నిలబడ్డం మా ఊరికి వందేళ్ల కిందటే వచ్చు" అంటే హాలంతా నవ్వుతారు. కానీ అది అవతలి పక్షానికి పాయింటు అయిపోతుందేమో.

అలా "పడాలి"కి వచ్చేసి, ఆఖరి బకెట్ మిగిలిపోయిందని గుర్తొచ్చి, ఈ అర్ధరాత్రి మళ్లీ కిందికెళ్లాను. పదకొండో మెట్టు దగ్గర ఎడమ మణికట్టు కలుక్కుమంది. ఆ మణికట్టు కథ ఇక్కడ ఎప్పుడూ రాసినట్టు లేదు.

2000 సెప్టెంబరు. నేను ఆమదాలవలసలో తొమ్మిదో తరగతి. పంతొమ్మిదో తారీఖున సిడ్నీలో కరణం మల్లీశ్వరి ఎత్తింది. స్నాచ్‌లో నూటపది, క్లీన్ అండ్ జెర్క్‌లో నూటముప్ఫై, మొత్తం రెండొందల నలభై కిలోలు. ఒలింపిక్స్‌లో పతకం పట్టుకున్న మొట్టమొదటి భారత మహిళ, మా పక్కనున్న ఊసవానిపేట అమ్మాయి. మర్నాడు నాన్న టీ కొట్టు నుంచి పేపరు అడిగి మరీ ఇంటికి తెచ్చారు. నాయనమ్మకి చదివి వినిపిస్తే "రెండొందల నలభయ్యా? మన గేదెంత ఉంటాదే?" అంది.

ఆ వారమే మా డ్రిల్లు మాస్టారు ఎక్కణ్ణుంచో ఓ ఇనప గొట్టం తెచ్చారు. రెండు డాల్డా డబ్బాల్లో సిమెంటు పోసి, గొట్టం రెండు కొసలూ అందులో నిలబెట్టి, మూడ్రోజులు నీళ్లు కొట్టించారు మా చేత. రేషన్ షాపు కాటా మీద తూస్తే ఇరవై రెండు కిలోలు. ఎడమవైపు డబ్బాలో సిమెంటు ఎక్కువ పడిందేమో, ఎత్తితే అటే వాలేది. పొద్దున ప్రార్థనకి ముందు ఆడపిల్లలం వరసలో నిలబడేవాళ్లం. పావడాలు దోపుకుని. మాస్టారు "మోకాలు వంచు, నడుం కాదు" అని అరిచేవారు. మొదటి రోజు మోకాలిదాకా. నాలుగో రోజుకి భుజాల మీదికి. తొమ్మిదో రోజు నెత్తి మీదికి ఎత్తి నిలబెట్టాను, మాస్టారు ఒకటి, రెండు అని లెక్కపెట్టారు, ఎడమకి ఒరిగి మణికట్టు మెలి తిరిగింది. అయినా పడెయ్యలేదు, దింపాను. ఇంటికొస్తే నాయనమ్మ ఆముదం రాస్తూ "ఆడపిల్లవి, కడుపు జారిపోద్దే తల్లీ" అని ఏడిచింది. మర్నాడు వాచిన చేత్తోటే మళ్లీ ఎత్తాను. అంత సుఖం నాకు తరవాత ఏ పనిలోనూ రాలేదు, ఇది మా ఆయన చదివినా సరే.

పదకొండు రోజులు. ఆ తరవాత పరీక్షలు, సెలవులు. సెలవులై వెళ్లేసరికి గొట్టం లేదు. ఊళ్లో పందిరికి రాట తక్కువైతే పట్టుకెళ్లారట, డబ్బాలు బద్దలుకొట్టి. ఒక సిమెంటు ముద్ద మాత్రం హెడ్మాస్టరు గారి గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. పదో తరగతి అయ్యేదాకా దాన్ని చూస్తూనే ఉన్నాను. డాల్డా డబ్బా అడుగున ఉండే వలయాలు కూడా దాని మీద అచ్చు పడి ఉండేవి.

అహ్మదాబాద్ స్టేడియంలో లక్షా ముప్ఫై రెండు వేలమంది అని బావగారు చెప్తుంటే నాకు ఆ ముద్దే కనపడింది. లేక్ ప్లాసిడ్ అని అమెరికాలో ఓ చిన్న ఊరు, 1980లో క్రీడాకారుల కోసం కట్టిన గదుల్ని ఆటలైపోయాక జైలు చేశారు. తలుపుకి అడ్డం పెట్టడం లాంటిదే అదీను. మన పండగలో ఆ బాధ లేదు, మర్నాటికి తొక్కలు తుడిచేస్తే అయిపోతుంది.

ఇప్పుడు ఒకే ఊళ్లో పెట్టాలని కూడా లేదట. పారిస్ వాళ్లు సర్ఫింగ్‌ని పదిహేను వేల కిలోమీటర్ల అవతల తాహితీలో పెట్టారు. ఆ లెక్కన బరువులెత్తడం ఒక్కటీ మనకిస్తే చాలదూ? నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో పిల్లలు బరువులెత్తుతూనే ఉన్నారు. మత్స సంతోషి అక్కణ్ణుంచే వెళ్లి 2014లో గ్లాస్గో కామన్వెల్త్‌లో వెండి పతకం తెచ్చింది. ఆ ఊళ్లో ఇనుము పందిరికి పోలేదన్నమాట. రేపు పొద్దున చిన్నోడికి ఇది చెప్పాలి. సారీ కూడా చెప్పాలి, కానీ ఎనిమిదో తరగతి మగపిల్లాడికి సారీ చెప్తే ఇంకా ముడుచుకుపోతాడు. ఉప్మా బదులు పెసరట్టు వేస్తే అర్థం చేసుకుంటాడు.

ఇందాక వాడి గదిలో ఫ్యాన్ తగ్గించడానికెళ్తే నోటుబుక్కు మంచం మీద తెరిచి ఉంది. చదవకూడదు, చదివాను. నా సాయం లేకుండానే రెండు పేజీలు రాసుకున్నాడు. మారథాన్ కోట నుంచి రామతీర్థం వెళ్లి రావడం. విలువిద్య కోటలో. ఈత "పెద్దచెరువు" అని రాసి, కొట్టేసి, "ముందు గుర్రపుడెక్క తియ్యాలి" అని పక్కన రాశాడు. వెయిట్‌లిఫ్టింగ్ కొండవెలగాడ. నాకన్నా ముందే తోచింది వెధవకి. భోజనాలు: అమ్మ, నానమ్మ. ఆ కిందే వసతి అని గీత గీసి రాశాడు: "మా మేడ మీద గది. పెదనాన్న వాళ్లు వస్తే ఖాళీ లేదు."